శక్కర్‌నగర్ తెరుచుకోవడం అంటే ఏది తెరుచుకోవడం?

ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ నిజామాబాద్ జిల్లాలో ఒక మాట వినిపిస్తుంది: "నిజాం షుగర్స్ మళ్లీ తెరిపిస్తాం." 2015 డిసెంబరులో బోధన్ ఫ్యాక్టరీలో లే ఆఫ్ (పని ఆపి కార్మికులను పక్కన పెట్టడం) ప్రకటించిన దగ్గర్నుంచి ఈ మాట ఇంకా ఎక్కువైంది. 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం మంత్రి శ్రీధర్ బాబు అధ్యక్షతన కమిటీ వేయడంతో అది మళ్లీ వార్తల్లోకి వచ్చింది. వార్త చదివిన వాళ్లలో చాలామందికి ఒక సందేహం మాత్రం మిగిలిపోతోంది. ఇంతమంది కావాలంటున్నారు, ప్రభుత్వాలూ సరేనంటున్నాయి, మరి ఎందుకు తెరుచుకోవడం లేదు?

"నిజాం షుగర్స్" అనే ఒక్క పేరు కింద నాలుగు వేర్వేరు విషయాలు ఉండటమే ఇందుకు పెద్ద కారణం. మొదటిది మిల్లు, అంటే చెరకు ఆడే యంత్రాలు. రెండోది కంపెనీ, అంటే అప్పులు, వాటాలు, కేసులు ఎవరి పేరు మీద ఉన్నాయో ఆ చట్టబద్ధమైన సంస్థ. మూడోది భూమి, ఒకప్పుడు మిల్లుకు సొంతంగా ఉన్న చెరకు ఫారాలు. నాలుగోది ఊరు, అంటే బోధన్‌ను ఆనుకుని ఆ కంపెనీయే కట్టిన శక్కర్‌నగర్. 1937లో ఈ నాలుగూ ఒక్క చేతిలో ఉండేవి. ఇప్పుడు నాలుగూ నాలుగు దారుల్లో ఉన్నాయి. ఎలా కలిశాయో తెలిస్తే, విడిపోయాక మళ్లీ కలపడం ఎందుకు కష్టమో అర్థమవుతుంది.

చెరకు ఎక్కువ దూరం ప్రయాణించలేదు

పంచదార మిల్లుకు ఊరు ఎందుకు కట్టాలి? బట్టల మిల్లును హైదరాబాద్‌లోనో వరంగల్‌లోనో పెట్టవచ్చు. పత్తి బేళ్లు నెలల తరబడి గోదాంలో ఉన్నా పాడు కావు. చెరకు అలా కాదు. గడ కొట్టిన గంట నుంచే దాని బరువు తగ్గడం మొదలవుతుంది. రసంలోని చక్కెర కూడా క్రమంగా విరిగిపోయి, గింజ కట్టని రకంగా మారుతుంది. అందుకే కొట్టిన 24 గంటల్లోపు గానుగ ఆడాలన్నది మిల్లులన్నీ పాటించాలనుకునే లెక్క.

ఇప్పుడు 1930ల నాటి ఎడ్లబండిని ఊహించుకోండి. బరువుతో అది గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు నడుస్తుంది. 15 కిలోమీటర్ల దూరంలోని తోట నుంచి మిల్లుకు చేరడానికే నాలుగైదు గంటలు పడుతుంది. ఉదయం కొట్టడం, కట్టలు కట్టడం, బండికెత్తడం, చివరికి కాటా దగ్గర వరసలో నిలబడటం, అన్నీ కలిపితే రోజు గడిచిపోతుంది. అంతకు మించిన దూరం నుంచి తెచ్చే చెరకు రైతుకూ నష్టమే, మిల్లుకూ నష్టమే. కాబట్టి చెరకు ఉన్నచోటికే మిల్లు వెళ్లాలి. పట్నం దగ్గర మిల్లు పెట్టి పల్లె నుంచి చెరకు తెప్పించుకోవడం కుదరదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. క్రషింగ్ సీజన్ మొదలయ్యాక మిల్లు ఆగకూడదు. ఆగితే పాత్రల్లో, గొట్టాల్లో ఉన్న రసం పులుస్తుంది, బాయిలర్ చల్లారుతుంది, మళ్లీ వేడెక్కించడానికి ఇంధనం ఖర్చవుతుంది. అందుకని మూడు షిఫ్టుల్లో, రాత్రీ పగలూ, నాలుగైదు నెలల పాటు నడుస్తుంది. అర్ధరాత్రి షిఫ్టుకు రావాల్సిన ఫిట్టరు, పాకం మరిగించే పాన్‌మన్, కెమిస్టు ఎక్కడుంటారు? పొలాల మధ్య కట్టిన మిల్లుకు నడక దూరంలో ఇళ్లు ఉండాలి. ఇళ్లుంటే పిల్లలకు బడి, జబ్బు చేస్తే ఆస్పత్రి, తాగడానికి నీళ్లు, వీధి దీపాలు కావాలి. కంపెనీ ఊరు ఇలా పుడుతుంది. యజమాని దయాగుణం ఉంటే ఉండవచ్చు గానీ, అసలు కారణం చెరకు స్వభావమే.

నీళ్లు ముందు, మిల్లు తర్వాత

శక్కర్‌నగర్ కథ మంజీరా నది దగ్గర మొదలవుతుంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో, ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో, 1923లో అచ్చంపేట దగ్గర నిజాంసాగర్ ఆనకట్ట పని మొదలై 1931లో పూర్తయింది. రెండున్నర లక్షల ఎకరాలకు పైగా నీరివ్వడం దాని లక్ష్యం. బోధన్, బాన్సువాడ, వర్ని ప్రాంతాలకు మొదటిసారి నమ్మకంగా కాలువ నీళ్లు వచ్చాయి.

నీళ్లు వచ్చాయి గానీ, అంత భూమిని తడి సాగుకు తెచ్చే రైతులు అప్పటికప్పుడు సరిపడా లేరు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో కాలువ సేద్యం తెలిసిన రైతులు చౌకగా భూములు దొరుకుతున్నాయని తెలిసి వలస వచ్చారు. వాళ్లు దిగిన చోట్లే ఇప్పటికీ పేరు చివర "క్యాంపు" అని ఉన్న ఊళ్లు. బోధన్, వర్ని చుట్టుపక్కల తిరిగితే పాత ఊరి పక్కనే దాని క్యాంపు కనిపిస్తుంది. మాట యాసలోనూ, పండగ వంటల్లోనూ ఆ తేడా తరాలు దాటి నిలిచింది.

సరిగ్గా అదే సమయంలో ఢిల్లీలో ఒక నిర్ణయం జరిగింది. జావా నుంచి వచ్చే చౌక పంచదార వల్ల దేశంలో మిల్లులు ఎదగడం లేదని, 1932లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం చక్కెర పరిశ్రమ రక్షణ చట్టం తెచ్చి దిగుమతి సుంకం వేసింది. అప్పటికి దేశంలో సుమారు 30 మిల్లులు ఉండేవి. నాలుగైదేళ్లలో అవి 130 దాటాయి. హైదరాబాద్ సంస్థానానికి కూడా ఇది మంచి అదను. 1929లోనే కోటి రూపాయలతో ఏర్పాటైన ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ చేతిలో డబ్బు ఉంది. నిజాంసాగర్ కింద నీళ్లున్నాయి. బయటి సరుకుకు అడ్డుకట్ట పడింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ లిమిటెడ్ ఏర్పడింది. మొదటి నుంచీ ప్రభుత్వ పెట్టుబడి ఉన్న కంపెనీ అది. జానకంపేట నుంచి బోధన్‌కు రైలు బ్రాంచి లైను కూడా వచ్చింది. కొంతకాలం ఇది ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని పేరు తెచ్చుకుంది.

సొంత ఫారాలు: మిల్లుకు అసలు బలం

చాలా మిల్లులు రైతుల చెరకు మీదే ఆధారపడతాయి. నిజాం షుగర్స్ ప్రత్యేకత ఏమిటంటే, దానికి సొంత ఫారాలు ఉండేవి. ఈ భూమి 16 వేల ఎకరాల దాకా ఉండేదని స్థానికంగా చెప్పుకునే లెక్క. ఇది ఎంత పెద్ద బలమో ఒక ఉదాహరణతో చూద్దాం.

మిల్లు సామర్థ్యాన్ని టీసీడీ అనే కొలతలో చెబుతారు. రోజుకు ఎన్ని టన్నుల చెరకు ఆడగలదన్నది దాని అర్థం. 3,500 టీసీడీ మిల్లు 150 రోజులు నడవాలంటే 5 లక్షల 25 వేల టన్నులు కావాలి. ఎకరానికి 30 టన్నుల దిగుబడి అనుకుంటే 17,500 ఎకరాల తోట అన్నమాట. సొంత భూమి 16 వేల ఎకరాలున్నా, అంతా ఒకేసారి చెరకు వేయలేం. మొక్క తోట తర్వాత, కొట్టిన మోళ్ల నుంచే మళ్లీ చిగురించే కార్శి పంటలు ఒకటి రెండు తీసి, భూమికి విశ్రాంతిగా వేరే పంట వేయాలి. దారులు, కాలువలు, విత్తన తోటలు పోను, ఏ ఏడాదైనా సగం భూమిలో చెరకు ఉందనుకున్నా 2 లక్షల 40 వేల టన్నులు సొంతంగా వచ్చినట్టే. అంటే సీజన్‌లో దాదాపు సగం రోజులకు సరిపడా చెరకు.

దీనివల్ల ఏమవుతుంది? వరి ధర బాగుందని రైతులు చెరకు మానేసిన ఏడాది కూడా మిల్లు పూర్తిగా పస్తులుండదు. ఏ తోట ఏ రోజు కొట్టాలో మిల్లే నిర్ణయించుకోగలదు. కొత్త రకాలను ముందు తన పొలంలో వేసి చూసి, తర్వాత రైతులకు ఇవ్వగలదు. పక్కనే రుద్రూరులో చెరకు పరిశోధన కేంద్రం ఉండటం దీనికి తోడైంది. నా ఉద్దేశంలో నిజాం షుగర్స్ చరిత్రను మలుపు తిప్పింది 2002 ప్రైవేటీకరణ కంటే ముందు, ఈ ఫారం భూములు విడతలవారీగా చేజారడం. ప్రైవేటీకరణ మీద జరిగినంత చర్చ దీని మీద జరగలేదు.

భూమి విషయంలో ఇంకో కోణాన్ని కూడా మరవకూడదు. అంత పెద్ద విస్తీర్ణం ఒక్క కంపెనీ చేతిలో ఉండటం న్యాయమా అని అడిగిన వాళ్లు మొదటి నుంచీ ఉన్నారు. ఫారాల్లో కూలి చేసినవాళ్లకు సెంటు భూమి లేదు. భూములు అమ్మినప్పుడు అవి కొనగలిగినవాళ్ల చేతికే వెళ్లాయి తప్ప ఎక్కువగా ఆ కూలీలకు దక్కలేదన్న బాధ ఇప్పటికీ ఉంది. మిల్లు కోసం భూమి ఉండాలన్న వాదనా, భూమి దున్నేవాడికి దక్కాలన్న వాదనా, రెండూ నిజాయతీ ఉన్నవే.

ఊరు ఎలా బతికింది

ఫ్యాక్టరీ గేటు చుట్టూ క్వార్టర్లు, వాటిలో హోదాను బట్టి తేడాలు: అధికారులకు తోటలున్న బంగళాలు, గుమాస్తాలకు మధ్యరకం ఇళ్లు, కార్మికులకు వరస గదులు. కంపెనీ ఊళ్లన్నిటిలో కనిపించే పద్ధతే ఇది. ఎవరు ఏ వీధిలో ఉంటారో చెబితే వాళ్ల జీతం ఎంతో అంచనా వేయవచ్చు. బడి, ఆస్పత్రి, క్లబ్బు, ఆటస్థలం, నీళ్లు, కరెంటు అన్నీ కంపెనీవే. తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ వీధిలో వినిపించేవి, ఎందుకంటే బోధన్ మహారాష్ట్ర సరిహద్దుకు దగ్గర.

అయితే ఈ ఊళ్లో అందరూ ఒక రకం ఉద్యోగులు కారు. పంచదార మిల్లులో రెండు తరగతులు ఉంటాయి. పర్మినెంటు వాళ్లకు ఏడాది పొడవునా జీతం, క్వార్టరు. సీజనల్ వాళ్లకు క్రషింగ్ నడిచినన్ని రోజులే పూర్తి పని, తర్వాత కొందరికి కొద్దిపాటి భృతి, కొందరికి అదీ లేదు. వీళ్లకు అవతల మూడో వర్గం ఉంది. చెరకు కొట్టే కూలీలు, బండ్లవాళ్లు, ఇప్పుడైతే ట్రాక్టర్లు, లారీలవాళ్లు. వీళ్లెవరూ మిల్లు రిజిస్టర్లలో ఉండరు. మిల్లు మూతపడినప్పుడు "ఎంతమంది ఉద్యోగాలు పోయాయి" అన్న లెక్కలో మొదటి వర్గమే పూర్తిగా కనిపిస్తుంది. పోయిన బతుకులు మాత్రం మూడు వర్గాలవీ.

చెరకు నుంచి పంచదార ఒక్కటే రాదు. స్థూలంగా 100 టన్నుల చెరకు ఆడితే పది టన్నుల పంచదార, 30 టన్నుల పిప్పి, నాలుగు టన్నులకు అటూ ఇటూ మొలాసిస్ (పంచదార తీశాక మిగిలే చిక్కటి పాకం), మూడు టన్నుల దాకా ప్రెస్‌మడ్ (రసం వడగట్టాక మిగిలే మడ్డి) వస్తాయి. పిప్పి బాయిలర్‌లో కాలి మిల్లును నడుపుతుంది, మిగిలితే కరెంటు. మొలాసిస్ నుంచి ఆల్కహాల్. ప్రెస్‌మడ్ పొలానికి ఎరువు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పెట్రోలు కొరత వచ్చినప్పుడు పెట్రోలులో కలపడానికి పవర్ ఆల్కహాల్ తయారుచేసింది బోధన్. ఇవాళ ఇథనాల్ అని అందరూ చెప్పుకుంటున్నది కొత్త ఆలోచనేమీ కాదు.

ఒక కంపెనీ ఎన్ని చేతులు మారింది

1948 సెప్టెంబరులో పోలీసు చర్య తర్వాత సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. 1956లో రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అయ్యాక ఫ్యాక్టరీ ఆ ప్రభుత్వ సంస్థగా కొనసాగింది. తర్వాతి దశాబ్దాల్లో అదే కంపెనీ కింద జహీరాబాద్, మిర్యాలగూడ, మెట్‌పల్లి దగ్గర ముత్యంపేట, మెదక్ దగ్గర మంబోజిపల్లి, హిందూపురం, బొబ్బిలి, సీతానగరం వంటి చోట్ల యూనిట్లు వచ్చాయి. ఒక్క ఊరి కోసం పుట్టిన కంపెనీ రాష్ట్రమంతా విస్తరించింది. చెరకు సరిగ్గా దొరకని చోట పెట్టిన యూనిట్ల నష్టాలు కూడా అదే ఖాతాలో పడ్డాయి.

2002లో శక్కర్‌నగర్, ముత్యంపేట, మంబోజిపల్లి యూనిట్లను కలిపి నిజాం దక్కన్ షుగర్స్ లిమిటెడ్ అనే జాయింట్ వెంచర్‌కు అప్పగించారు. అందులో డెల్టా పేపర్ మిల్స్‌ది 51 శాతం, ప్రభుత్వానిది 49 శాతం. ఇక్కడి నుంచే జనానికి అయోమయం. పాత కంపెనీ నిజాం షుగర్స్ లిమిటెడ్, కొత్త కంపెనీ నిజాం దక్కన్ షుగర్స్. రెండు పేర్లూ దాదాపు ఒకటే, కానీ చట్టం దృష్టిలో రెండు వేర్వేరు సంస్థలు. "ప్రభుత్వానిదే కదా, తెరవొచ్చు కదా" అనేవాళ్ల మనసులో ఉన్నది పాత కంపెనీ. మిల్లు ఉన్నది కొత్త కంపెనీ చేతిలో.

ఆ అమ్మకం మీద వాదనలు రెండు వైపులా గట్టిగానే ఉన్నాయి. సమర్థించినవాళ్లు చెప్పింది ఇది: ఏటా నష్టాలు, పాత యంత్రాలు, కొత్త పెట్టుబడి పెట్టే స్థితిలో ప్రభుత్వం లేదు, నడిపేవాళ్లకు ఇస్తే కనీసం మిల్లు బతుకుతుంది. మిల్లు తర్వాత 13 సీజన్లపాటు నడిచిందన్నది వాళ్ల వాదనకు కొంత బలం. వ్యతిరేకించినవాళ్లు అడిగింది: భూములు, భవనాలు, యంత్రాలు కలిపి చూస్తే వచ్చిన ధర చాలా తక్కువ కాదా? 2004లో ప్రభుత్వం మారాక వేసిన శాసనసభా సంఘం అమ్మకాన్ని రద్దు చేయాలనే సిఫార్సు చేసింది. వ్యవహారం కోర్టులకు ఎక్కింది. తెలంగాణ వచ్చాక 2015లో ప్రభుత్వం మిల్లును స్వాధీనం చేసుకుని రైతుల సహకార సంఘానికి అప్పగించే ఆలోచన ముందుకు తెచ్చింది. రైతులు ముందుకు రాలేదు. పక్కనే సారంగపూర్‌లో నిజామాబాద్ సహకార చక్కెర ఫ్యాక్టరీ మూతపడటాన్ని కళ్లారా చూసినవాళ్లు పాత అప్పులతో కలిపి మిల్లును నెత్తికెత్తుకోవడానికి జంకడంలో తప్పేముంది? అదే ఏడాది డిసెంబరులో లే ఆఫ్. ఆ తర్వాత వ్యవహారం కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీకి వెళ్లింది. 2019 జూన్‌లో లిక్విడేషన్ ఉత్తర్వు వచ్చింది.

కాగజ్‌నగర్ తెరుచుకుంది, ఇది ఎందుకు తెరుచుకోలేదు

ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు, అడగడం సబబే. సిర్పూర్ పేపర్ మిల్లు కూడా నిజాం కాలందే. దాని చుట్టూ వెలసిన కాగజ్‌నగర్ కూడా శక్కర్‌నగర్ లాంటి మిల్లు ఊరే. 2014లో మూతపడింది. అదీ ఎన్‌సీఎల్‌టీకే వెళ్లింది. 2018లో జేకే పేపర్ తీసుకుని మళ్లీ నడుపుతోంది.

తేడా ఒకటి చట్టపరమైనది. ఎన్‌సీఎల్‌టీలో రెండు దారులున్నాయి. ఎవరైనా కొనుగోలుదారు అంగీకారమైన ప్రణాళికతో వస్తే కంపెనీ నడుస్తూనే చేతులు మారుతుంది, దాన్ని రిజల్యూషన్ అంటారు. గడువులోపు అలాంటివాళ్లు రాకపోతే ఆస్తులు అమ్మి అప్పులు తీర్చే దారి, అది లిక్విడేషన్. సిర్పూర్ మొదటి దారిలో వెళ్లింది, నిజాం దక్కన్ రెండో దారిలో.

అసలు తేడా మాత్రం ముడిసరుకులో ఉంది. కాగితానికి కావలసిన కర్రను ఎక్కడినుంచైనా లారీల్లో తెచ్చి, యార్డులో వారాల తరబడి నిల్వ పెట్టవచ్చు. మిల్లు మూడేళ్లు ఆగినా సుబాబుల్, యూకలిప్టస్ తోటలు ఎక్కడికీ పోవు, ఇంకా పెరుగుతాయి. చెరకు విషయంలో మిల్లు ఒక్క సీజన్ ఆగిందంటే రైతు వేరే పంటకు వెళ్లిపోతాడు. బోధన్ రైతులు కొంతకాలం తమ చెరకును కామారెడ్డి వైపు గాయత్రీ షుగర్స్‌కు పంపారు. రవాణా భారం, కోతకు ఆర్డర్ల ఆలస్యం తట్టుకోలేక చాలామంది వరికి మారారు. సొంత ఫారాలు ఉన్న రోజుల్లో అయితే మిల్లు తన చెరకుతో సీజన్ మొదలుపెట్టి, రైతులను మెల్లగా వెనక్కి రప్పించుకోగలిగేది. ఇప్పుడు ఆ వెసులుబాటు లేదు.

నీళ్ల సంగతీ మారింది. మొదట్లో దాదాపు 30 టీఎంసీలు పట్టిన నిజాంసాగర్ పూడికతో కుంచించుకుపోయి ఇప్పుడు 17.8 టీఎంసీల దగ్గరుంది. ఎగువన సింగూరు ప్రాజెక్టు వచ్చి మంజీరా నీళ్లు హైదరాబాద్ తాగునీటికి మళ్లాయి. ఏడాదంతా తడి అడిగే చెరకుకు కాలువ ఒక్కటే చాలదు, బోరు కూడా ఉండాలి.

రైతు లెక్క, మిల్లు లెక్క

చెరకుకు కేంద్రం ఏటా ప్రకటించే కనీస ధర పేరు ఎఫ్ఆర్‌పీ. 2025-26 సీజన్‌కు 10.25 శాతం రికవరీ మీద క్వింటాల్‌కు 355 రూపాయలు. రికవరీ అంటే 100 కిలోల చెరకు నుంచి ఎన్ని కిలోల పంచదార తీశారన్నది. రికవరీ తగ్గితే ధరా తగ్గుతుంది, 9.5 శాతం దాకా ప్రతి 0.1 శాతానికీ 3.46 రూపాయల చొప్పున.

పది శాతం రికవరీ వచ్చే మిల్లును తీసుకుందాం. టన్నుకు రైతుకు ఇవ్వాల్సింది సుమారు 3,460 రూపాయలు. ఎకరానికి 30 టన్నులైతే రైతుకు లక్షా నాలుగు వేల దాకా. ఇందులోంచి విత్తనం, ఎరువులు, నీళ్లు, ఏడాది కౌలు, కోత కూలి పోవాలి. వరి అయితే అదే ఏడాదిలో రెండు పంటలు, కొనుగోలు కేంద్రం ఊళ్లోనే. ఇటు మిల్లు వైపు చూస్తే, టన్ను చెరకు నుంచి 100 కిలోల పంచదార. కేంద్రం పెట్టిన కనీస అమ్మకపు ధర 2019 నుంచి కిలోకు 31 రూపాయలు. ఆ ధరకే అమ్మితే వచ్చేది 3,100, చెరకు ధరకే చాలదు. మార్కెట్లో ధర దానికి పైన ఉంటేనే, పక్కన డిస్టిలరీ, కరెంటు ఆదాయం ఉంటేనే లెక్క కుదురుతుంది. చెరకు తోలిన 14 రోజుల్లో డబ్బు చెల్లించాలని 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు చెబుతోంది. బకాయిల కోసం నెలల తరబడి తిరిగిన రైతుకు ఆ నిబంధన మీద నమ్మకం కలగాలంటే ఒకటి రెండు సీజన్లు సమయానికి డబ్బు పడాలి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చు. తెరుచుకోవడం అంటే నాలుగింటిలో ఏది? కంపెనీ చిక్కు అప్పులు తీర్చి, కోర్టుల్లో తేల్చుకుంటే విడిపోతుంది, దానికి ప్రభుత్వం డబ్బు పెట్టగలదు. యంత్రాలు పాతవి, తుప్పు పట్టాయి, కొత్తవి కొనవచ్చు. క్వార్టర్లలో మిగిలిపోయిన కుటుంబాలకు బకాయి జీతాలు, ఇంటి హక్కు తేల్చడం కూడా ప్రభుత్వం చేతిలో పనే. నా దృష్టిలో మిల్లు తెరిచే తేదీతో సంబంధం లేకుండా అది ముందే జరగాలి. చెరకు మాత్రం డబ్బుతో ఒక్కసారిగా రాదు.

నాటిన తోట కోతకు రావడానికి పది నుంచి పన్నెండు నెలలు పడుతుంది. ఎకరం నాటడానికి మూడు నుంచి నాలుగు టన్నుల విత్తనపు గడలు కావాలి. ముందు లెక్కలోని 17,500 ఎకరాలు నాటాలంటే 61 వేల టన్నుల విత్తనం, అంటే అంతకు ముందు ఏడాదే దాదాపు 2,000 ఎకరాల్లో విత్తన తోటలు సిద్ధంగా ఉండాలి. ఆ విత్తన తోటలు వేసే రైతుకు, మిల్లు తెరుచుకోకపోతే ఆ చెరకు ఎవరు కొంటారో ముందే రాతపూర్వకంగా చెప్పాలి. కాబట్టి ఏ ప్రభుత్వమైనా ఫలానా డిసెంబరులో క్రషింగ్ అని ప్రకటిస్తే, ఆ మాట ఎంతవరకు నిజమో చూడాల్సిన చోటు రుద్రూరు, వర్ని, ఎడపల్లి పొలాలు. అక్కడ రెండేళ్ల ముందు విత్తన తోటలు పడ్డాయా లేదా అన్నది చూస్తే తెలిసిపోతుంది.